ఎడమ ముక్కు

భద్రాచలంలో పిల్లల దవాఖానా. బల్లకు ఇవతల డాక్టర్ సాహిత్య, అవతల స్టూలు మీద బొజ్జయ్య, ఆయన ఒడిలో ఐదేండ్ల మనవడు గణేష్.

"మల్లా ఆ లైటెందుకమ్మా ముక్కుల పెడుతున్నవ్?"

"చూడకుండా ఎట్ల చెప్పాలి తాతా?"

"చూసినంక కొయ్యాలంటరు. ముందటి డాక్టరు గూడ గట్లనే అన్నడు."

"ఏమన్నాడు?"

"ముక్కెనక కండ పెరిగిందట. కోస్తె ఊపిరాడుతదట. పోరడు నోరు తెరుచుకొని పండుకుంటడా అన్నడు, అవ్ అన్న. గురక పెడుతడా అన్నడు, అవ్ అన్న. అంతే. ముక్కు దిక్కు గూడ చూడలే."

"నా చేతిలో కత్తి లేదు. ఇది చల్లటి రేకుముక్క, అంతే. గణేష్, నోరు మూసి ముక్కుతోనే ఊపిరి వదులు. ఇంకోసారి. చూసిన్రా తాతా?"

"ఏం చూడాలె?"

"రేకు మీద ఆవిరి. కుడి దిక్కే పట్టింది. ఎడమ దిక్కు రేకు పొడిగనే ఉంది."

"రేకు మంచిదో కాదో."

"మీ ముక్కు కింద పెట్టమంటారా?"

"నాకేం రోగం లేదు."

"చీమిడి కూడా ఎడమ దిక్కే కారుతుందా?"

"చూడలే."

"ఒక్క దిక్కే తాతా. నా దుప్పటి ఒక్క దిక్కే ఖరాబైతది గద."

"నిన్నడిగిన్రా?"

"చెప్పనియ్యండి. వాసన వస్తుందా?"

"ఉంటది. బళ్లె పక్కన ఎవ్వరు కూసోరట. వాము పొగ పట్టినం. దిష్టి తీసినం. వేపమండలు కట్టినం. పోలే."

"కండ పెరిగితే రెండు దిక్కులా ఇబ్బంది ఉంటది తాతా. ఒక్క దిక్కే మూసుకొని, ఒక్క దిక్కే కంపు కొడుతుందంటే నా అనుమానం వేరే. వీడు ముక్కులో ఏమన్నా పెట్టుకున్నాడా? చింతగింజ, శనగగింజ?"

"మావోడు గట్లాంటోడు కాదు."

"ఏ పిల్లోడూ అట్లాంటోడు కాదు, గింజ బయటికొచ్చేదాకా."

"వీడు పెట్టుకోడు. ఎవరన్న పెడితె పెట్టొచ్చు."

"ఎవరు పెడతారు?"

"ఎవరో."

"వీళ్లమ్మ రాలేదా?"

"వీనికి అమ్మ లేదు."

"అయ్యో. ఎప్పుడు పోయింది?"

"పోలే. బూర్గంపాడుల ఉంది, అమ్మమ్మ ఇంట్ల. తాతే ఎల్లగొట్టిండు."

"గణేషు, నోరు మూసుకో."

"మూసుకుంటె ఊపిరాడదు తాతా."

"మీ ఇంటి సంగతి నాకొద్దు తాతా. ఈ ఎడమ ముక్కు మీద మచ్చ ఏంది?"

"పుట్టుమచ్చ."

"పుట్టుమచ్చ గుంట పడదు. ఇది కుట్టిన బెజ్జం. పూడిపోయింది."

"జల్దీ చూడమ్మా. మా ఊరి బస్సు పోతది. అది పోతె మల్ల ఇయ్యాల లేదు."

"మగపిల్లగానికి ముక్కు కుట్టించిన్రా?"

"వీని ముందు ఇద్దరు పోయిన్రు. పురిట్లనే."

"అందుకని?"

"వీడు పుట్టంగనే పెంటకుప్ప మీద పండబెట్టినం. పక్కింటి గంగక్క ఎత్తుకపోయింది. చాటెడు తవుడు పోసి ఆమె కాడ మల్లా కొనుక్కున్నం. ముక్కు కుట్టించి ముక్కుపుల్ల పెట్టినం. సావు మల్లొచ్చి చూస్తె, వీడు పెంటల దొరికినోడు, తవుడుకు అమ్ముడువోయినోడు, నాకెందుకని పోవాలె. పుల్ల ఉన్నన్ని దినాలు వీని జోలికి రాదు."

"మరి పుల్ల ఏది?"

"తీసేసింది."

"ఎవరు?"

"ఎవరేంది, మా కోడలు పుష్ప. వీడు ఎదుగుతుంటె పుల్ల బిగిసింది. ముక్కు వాసింది, చీము పట్టింది, తీసేద్దాం మామా అని ఒక్కతీరుగ పోరు. నేను ఒద్దన్న. తెల్లారి చూస్తె పుల్ల లేదు."

"ఆమె తీస్తుంటే చూసిన్రా?"

"చూసుడేంది? తీస్తనన్నది ఆమెనాయె. అడిగితె బిడ్డ తల మీద చెయ్యివెట్టి తియ్యలేదన్నది. తీసినోళ్లు తీసినమంటరా? అప్పటిసందే వీనికి ఊపిరాడుత లేదు. పుల్ల పోయినంకనే గదా మొదలైంది. కాదంటవా?"

"కాదనను. పుల్ల పోయినంకనే మొదలైంది."

"నువ్వు గూడ గట్లనే అంటున్నవ్ గదా. ఇన్నవారా గణేషు."

"తాతా, వీని తల మీ ఎదకు ఆనించి గట్టిగ పట్టుకోండి. కదలొద్దు. కదిలితే లోపలికి జారి ఊపిరిగొట్టంలో పడతది."

"ఏందమ్మా జారేది?"

"ముందు పట్టుకోండి. గణేష్, కళ్లు మూసుకొని అమ్మను తలుచుకో."

"అమ్మ… అమ్మ… అమ్మా."

"అయిపోయింది, అయిపోయింది. ఈ దూది అద్దండి. రెండు చుక్కల రక్తమే. ఇటు చూడండి తాతా."

"ఏముంది, చీమిడి ముద్ద."

"కడగనియ్యండి. ఇప్పుడు?"

"దగ్గరికి తే."

"ఎర్రరాయి. మీదేనా?"

"మా ముసల్దాని కమ్మల రాయి. కంసాలి కాడ కూసోని వీనికి పుల్ల నేనే చేయించిన."

"ముక్కు వాచినప్పుడు పుల్ల మెల్లగ లోపలికి కుంగింది. పైన బెజ్జం పూడింది. మీరంతా ఊడిపోయిందనుకున్నరు. చీము పట్టిన నాడే తీసి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు. వింటున్నరా తాతా?"

"ఇంటున్న."

"చుక్కల మందు రాస్తున్న. ఈ ముక్కు మళ్లీ కుట్టించొద్దు."

"తాతా, నీ కాడ పొగాకు వాసనొస్తుంది."

"వస్తదిరా."

"ఇంతకుముందు రాకపోయేది."

"ఊఁ."

"తాతా, పుల్ల కోసం అమ్మ సంచి బోర్లించి ఎతికితివి గదా. కొంగుముడి ఇప్పిస్తివి. జడ గూడ ఇప్పిస్తివి. నా ముక్కుల ఎందుకు చూడలే?"

"డాక్టరమ్మా."

"ఏంది తాతా? జల్దీ పోండి, మీ ఊరి బస్సు పోతదంటిరి."

"పోనియ్యమ్మా. బూర్గంపాడు బస్సు యాడ ఆగుతది?"