ఊపిరి వంతు

బృందగానం పాడేవాళ్లు వేదికెక్కడానికి ఐదు నిమిషాలుంది. తెర వెనక వదినా మరదళ్లు గొంతు తగ్గించి వాదించుకుంటున్నారు.

"వదినా, ఊపిరితిత్తికి ఆపరేషనై మూడు నెలలు కాలేదు. ఈసారికి కింద కూర్చుని విను."

"వినడానికైతే ఇంట్లో రికార్డుంది. నేనొచ్చింది పాడ్డానికి."

"పొద్దున రిహార్సల్లో నీ దగ్గరే పాట తెగింది!"

"నా ఒక్కదానివల్ల తెగదే. పాట తెగకుండా పక్కపక్కవాళ్లం వంతులేసుకుని ఊపిరి తీసుకోవాలి కదా? నేనాగినప్పుడే నువ్వూ ఆగావు. ఎందుకు?"

"నీకేమైందోనని నీవైపే చూస్తూ ఉండిపోయా."

"మూడొందల ఏళ్లనాటి యూరప్ బరోక్ పాటకి జనం ఇప్పటికీ కుర్చీలు చాలక మెట్లమీద కూడా కూర్చుంటున్నారంటే ఎందుకనుకున్నావ్? ఎవరి ఊపిరి ఆగినా పాట ఆగదు. నేనాగితే నావైపు చూడకు. పాడు."

"మళ్లీ అందుకుంటావుగా?"

"నువ్వు ఆపకపోతే అందుకుంటా."