పదహారేండ్ల సీసాలు కడిగిన సాయిలు

బుడిగె సాయిలని ఒకడుండె. కల్లుకోసం తాళ్లెక్కేటోడు. పొద్దుగాల నడుముకు మోకు కట్టిండంటే పన్నెండు తాళ్లు ఎక్కి దిగేదాక మనిషితోని మాట లేదు. ఆయన కల్లంటే చుట్టు పది ఊర్లల్ల పేరనుకో. ఎందుకంటే ఆయన కల్లు పట్టే లొట్టి కడుగుడే కడుగుడు. ఈ పూట దించింది ఈ పూటనే పోసేది, మిగిలితే పారబోసేది. నిన్నటి కల్లు గిరాకి నోట్ల పోసేటోడు మనిషేనా అనేటోడు. గసొంటి సాయిలును ఏమైందంటే, కల్లుగీత సంఘపోల్లు పిలిచి, అరే సాయిలూ, ఇటలీ దేశంల ద్రాక్షపండ్లు తొక్కి ఎర్ర వైను చేస్తరంట, ఎట్ల చేస్తరో పదిహేను దినాలుండి చూసిరాపో అని ఇమానం ఎక్కిచ్చిన్రంట. మన రోడ్డు మీది వైన్స్ దుకాణంల సరుకనుకునేరు, అది కాదు, అసలుది.

ఆ ఊరి పేరు నాకు నోరు తిరగది, ఇడిసిపెట్టున్రి. మంచుకొండల కింద ఉంటదంట. ఎన్కట ఆ గుట్టలనిండ ద్రాక్షతోటలేనంట. నడుమల బట్టల మిల్లులొచ్చినయి, పడుసోల్లంత మిల్లులకు పోయిన్రు, తోటలల్ల కంప మొలిసి అడివైపోయింది. ఇప్పుడిప్పుడే ఒకరిద్దరు ఆ కంప కొట్టి మల్ల తీగలు పెట్టవట్టిన్రు. వాళ్లల్ల ఒకామె తెరేజవ్వ. మొగడు సచ్చిపోయిండు, ముసలిది ఒక్కతే తోట బాగుచేసుకుంటున్నది. సాయిలుకు ఆమె ఇంట్లనే బస. మరి మాటలెట్ల అంటరా? ఇన్నాసమ్మ ఉండె. గుంటూరు దిక్కు సిస్టరమ్మ, ఆ ఊరి మఠంల ఉంటది. అవ్వ మాట ఈయనకు, ఈయన మాట అవ్వకు చెప్పేది. దేవునికి మాటిచ్చిన మనిషాయె, అబద్ధమనేది ఆమె నోట్లకెల్లి రాదు.

ఒకనాడు అవ్వ సాయిలును నేలమాళిగకు తోలుకపోయి, మూలకున్న ఆరు సీసాలు చూపెట్టిందంట. ఏలు మందం దుమ్ము. రేపు పట్నం నుంచి రుచి చూసే పెద్దమనుషులు వస్తున్నరు, వాళ్లు మంచిదని రాస్తెనే నా సరుకు కొంటరు, లేకుంటే తోట అమ్ముకోవాలె, కొనేటోడు తీగలు పీకి హోటలు కడతడు, ఇగో ఈ ఆరు మా ఆయన చేత్తోని పట్టినయి, పదహారేండ్లవి, ఇవే నన్ను గట్టెక్కియ్యాలె అన్నదంట. పదహారేండ్లు అనంగనే సాయిలుకు గుండెల రాయి పడ్డది. మూడొద్దుల కల్లు తాగితేనే కడుపు కొట్టుకపోతది, పదహారేండ్లది తాగితే ఆ పెద్దమనుషులు ఇల్లు చేరుతరా? తోట సంగతి అట్లుండనియ్యి, ముసలిది జైలుకు పోదా? చెప్దమంటే నోరు రాలే. సచ్చినాయన చేసింది పాసిపోయిందని ఆయన పెండ్లానికి ఏ మొకం పెట్టుకొని చెప్తడు చెప్పున్రి. ఇనుకుంట నవ్వకు ఎల్లవ్వా, వాడు మంచికే అనుకున్నడు.

పగటీలి అవ్వ జర నడుం వాల్చంగనే సాయిలు ఆరు సీసాల బిరడాలు పీకిండు, ఉన్నదంత వొంపిండు. బూడిదేసి లోపట బయట తళతళ కడిగి, ఎండకు బోర్లిచ్చి, పక్కనున్న పీపాలకెల్లి ఈ ఏటి కొత్తది నింపి బిరడాలు గట్టిగ కొట్టిండు. వగరుగున్నది గని తాజాగున్నది అనుకొని అప్పుడు గుండెమీద చెయ్యేసుకున్నడంట. అవ్వ లేసి చూసి, అతిథుల కోసమని సీసాలు తుడిచిండు పాపమని మురిసిపోయింది.

తెల్లారి వచ్చిన్రు ముగ్గురు. గ్లాసు తిప్పుడు, గ్లాసుల ముక్కు పెట్టుడు, నోట్ల పోసుకొని పుక్కిలిచ్చి డబ్బాల ఉమ్ముడు. మనకాడ గిట్ల ఉమ్మితే మోకు తీసుకొని ఎంటవడుదురు. ముందుగాల పీపాల కొత్తది చూసిన్రు. వాళ్ల పెద్ద మొకం వంకర పెట్టి, పచ్చిగున్నది, పెంకిగున్నది, పదహారేండ్లు మూలకు పెడితే మనిషైతది అన్నడంట. అవ్వ మొకం మాడిపోయింది. మల్ల సీసాది పోసిన్రు. పోస్తే, ఆ పెద్దాయన కండ్లు మూసుకున్నడు. ఒకాయన రేగుపండంటడు, ఒకాయన తొలకరి వానంటడు, పదహారేండ్లయినా గింత పడుసుదనమేందని ముగ్గురు ఒకరినొకరు చూసుకుంటున్నరు. అవ్వ ఒక్క గుక్క తాగింది. ఇరవై ఏండ్లు పక్కపొంటి ఉండి చేసిన సరుకు ఆమెకు తెల్వదా? గ్లాసు కింద పెట్టింది. సాయిలు దిక్కు చూసింది.

సాయిలుకు ఉండవట్టలే. అవ్వ అంత కష్టపడి చేసిన కొత్తదాన్ని ముందుగాల తిట్టిరి, ఇప్పుడు అదే దాన్ని పొగుడుతున్నరు. "సిస్టరమ్మా, వాళ్లకు చెప్పు. రెండు ఒక్క పీపాయే. నిన్న నేనే పోసిన."

"అన్నయ్యా, చెబితే అవ్వ తోట పోద్ది. చెప్పకపోతే దేవుడి దగ్గర నా మాట పోద్ది."

చెప్పు అన్నడు సాయిలు. ఆమె నొసట శిలువ గీసుకొని, ఉన్నదున్నట్టు చెప్పిందంట. అప్పుడేమైందంటే, ఆ పెద్దాయన లేసొచ్చి సాయిలును అలాయి బలాయి తీసుకున్నడు. ముప్పయ్యేండ్ల సంది రాస్తున్న, గిసొంటి మాట నాకు రాలే, పాతది కొత్తది ఒక్క నెత్తురే అంటున్నడు, నిన్న పోసినట్టున్నదంటున్నడు, ఏం నాలుకయ్యా ఈయనది అని బుక్కుల రాసుకొని కింద గీత గీసిండు. అట్లా కాదండీ, నిజంగానే నిన్న పోశాడు అన్నది ఇన్నాసమ్మ. ఆహా అన్నరు. మల్ల చెప్పింది. మూడోపారికి ముగ్గురికి కండ్లల్ల నీళ్లే వచ్చినయంట. ఆ ఏటి సరుకంత మేమే కొనిపిస్తమని మాటిచ్చి బండెక్కిన్రు. తోట నిలిచింది.

బండి మలుపు తిరగంగనే అవ్వ సాయిలు రెక్క పట్టుకొని, మా ఆయనది ఏం చేసినవ్ అని ఒక్కటే అడిగిందంట. సాయిలు తలకాయ వంచుకొని ఇంటెన్కకు తోలుకపోయిండు. ఆడ నీళ్లతొట్టి పక్కపొంటి అవ్వ గాడిద కాళ్లు బారజాపి గుర్రు కొడుతున్నది. సాయిలు వొంపిందంత ఆ తొట్టిలనే పడ్డది, గాడిద అదంత నాకినట్టున్నది. అవ్వ ఆడనే కూలవడి ఎక్కెక్కి ఏడ్చింది. సాయిలు గూడ ఏడ్చిండు, తప్పయిందని కాళ్లు మొక్కిండు. జరసేపటికి ముసలిది కండ్లు తుడుసుకొని, గాడిద చెవి నిమురుకుంట దానితోని ఏదో మాట్లాడవట్టింది. ఏమంటున్నదని సాయిలు అడిగితే, ఇన్నాసమ్మ నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక, "మా ఆయన చేసింది ఎట్లా ఉంది, నువ్వన్నా చెప్పవే అంటోంది" అన్నదంట.

గాడిద ఒక చెవి ఆడిచ్చి, మల్ల పండుకున్నదంట. అంతే మరి. ఆ పదహారేండ్ల దాని రుచి ఎరిగింది లోకం మొత్తంల అదొక్కటే, దానికేమో రాయరాదు. రాయొచ్చినోల్లు ఏం రాసిన్రో ఇన్నరు గద.