కౌమారానికి అండగా నిలిచిన దెబోరా గారు

1949వ సంవత్సరం జూన్ 6వ తేదీ, సోమవారం నాడు శ్రీమతి దెబోరా గారు హుజూరాబాద్ బాలికల పాఠశాలలో సహాయోపాధ్యాయినిగా ప్రభుత్వ సేవలో ప్రవేశించారు. మెథడిస్టు మిషను సంఘానికి చెందిన సామాన్య కర్షక కుటుంబంలో సమ్మయ్య, రిబ్కమ్మ దంపతులకు జన్మించిన వారు, అంతకుముందే మిషను బడిలో కొన్నేళ్లు బోధించిన అనుభవంతో వచ్చారు. బోధనంతా ఉర్దూలో సాగుతున్న ఆ రోజుల్లో, ఇంట్లో తెలుగు తప్ప వినని చిన్నారులకు లెక్కలను తెలుగులో విడమరచి చెప్పి, భయం పోగొట్టిన తరువాతనే ఉర్దూ మాటలు నేర్పేవారు.

1954లో ప్రభుత్వం వారిని ఉపాధ్యాయ శిక్షణకై హైదరాబాదుకు పంపింది. మానవ వికాస సిద్ధాంతాలు వారిని విశేషంగా ఆకర్షించినది అక్కడే. కౌమారం ప్రకృతి సిద్ధమైన తుఫాను అని ఒక వర్గం పండితులు, ఆ తుఫానును రేపేది సమాజమేనని మరొక వర్గం వాదిస్తుండగా, దెబోరా గారు ఉభయ పక్షాలనూ శ్రద్ధగా చదివి, తమదైన నిర్ణయానికి వచ్చారు: "దేహం ఎప్పుడు మారాలో ప్రకృతి చూసుకుంటుంది. ఆ మార్పు బిడ్డకు భయం కావాలా, ధైర్యం కావాలా అన్నది పెద్దల చేతిలో ఉంది."

ఆంధ్రప్రదేశ్ అవతరణానంతరం గోదావరి తీరపు బొగ్గుగనుల బస్తీలోని ఒక మాధ్యమిక పాఠశాలకు వారు ప్రధానోపాధ్యాయినిగా వచ్చారు. వారితో కలిసి పనిచేసే భాగ్యం నాకు లభించినది అక్కడనే. అప్పుడు జరిగిన ఒక సంఘటనను ఇక్కడ వ్రాయవచ్చునా అని సంకోచించి వారినే అడిగాను. "రాయుండ్రి కమలవ్వా. దాచిపెట్టినందుకే గదా పిల్లలు భయపడ్డది" అన్నారు. ఆ సంఘటనలోని బాలిక దుర్గవ్వ కూడా సంతోషంగా అనుమతించింది.

ఏడవ తరగతిలో అందరికన్నా చురుకైన దుర్గవ్వ ఉన్నట్టుండి బడి మానివేసింది. పెండ్లి కోసం తల్లిదండ్రులే మాన్పించారని తలచి, వారిని ఒప్పించాలని దెబోరా గారు నన్ను వెంటబెట్టుకొని గని కార్మికుల ఇండ్ల వరుసకు వెళ్లారు. తండ్రి అంకయ్య అప్పుడే షిఫ్టు దిగి వచ్చి, ముఖమైనా కడుక్కోకుండా మాకు మంచం వాల్చాడు.

"నేను వద్దన్లే పంతులమ్మా. బిడ్డ సదువుకుంటె నాకు సంబురమే. అదే పోనంటున్నది. అడిగితె ఏడుస్తది" అన్నాడు.

"గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించిన. అయినా గట్లనే ఉన్నది" అన్నది తల్లి ఎల్లక్క కండ్లొత్తుకుంటూ.

లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్న బాలిక పక్కన దెబోరా గారు నేలమీదనే కూర్చున్నారు.

"బడికి గుంజుకపోను రాలే బిడ్డా. ఏమైందో చెప్పు, చాలు."

బాలిక ఇటు తిరిగింది. "నాకేదో రోగమచ్చింది టీచరమ్మా. నెత్తురు పోతున్నది. నేను సచ్చిపోత. క్లాసుల లేచి నిలబడంగనే పోరగాండ్లు చూసి నవ్విండ్రు." భయంతోనూ సిగ్గుతోనూ తల్లికి సైతం చెప్పక, వాగులో బట్టలు చాటుగా ఉతుక్కుంటున్నదట.

"సచ్చుడేంది బిడ్డా! గిది రోగం గాదు. మీ అవ్వకైంది, నాకైంది, గీ కమలవ్వ టీచరుకైంది. నువ్వు పెద్దగైతున్నవు, గంతే."

దుర్గవ్వ లేచి కూర్చున్నది. "మరి ముందుగాల ఎందుకు చెప్పలే?"

దెబోరా గారు ఎల్లక్కను పిలిచి బిడ్డ పక్కన కూర్చోబెట్టారు. తిరిగి వస్తూ పాఠశాల గేటు వద్ద ఆగి, "విరిగిన బెంచీలు పెట్టిన గది రేపు ఖాళీ చేయిద్దాం" అన్నారు.

ఆ గదికి లోపలివైపు గొళ్లెం బిగించారు. నీళ్ల తొట్టి, ఉతికిన గుడ్డలు ఏర్పాటు చేశారు. ప్రతి శనివారం బాలికలను కూర్చోబెట్టి, రాబోయే మార్పులను ముందుగానే చెప్పసాగారు. నవ్విన బాలురను దండించలేదు. "వాళ్ల గొంతులు పగులుతున్నయి, మీసాలు మొలుస్తున్నయి. వాళ్లకూ ఎవరూ చెప్పలేదు" అని, ఆ బాధ్యతను రాయమల్లు మాస్టారికి అప్పగించారు. మొదటివారం సిగ్గుతో చెమటలు కక్కిన మాస్టారు, నెల తిరిగేసరికి బాలుర ప్రశ్నలకు జవాబులు చెప్పలేక మా వద్దకు పుస్తకాలకై వచ్చేవారు! దుర్గవ్వ తిరిగి వచ్చి తన బెంచీలో కూర్చున్నది.

అయితే కొందరు పెద్దలు ఆగ్రహించి ఫిర్యాదు చేయగా, తనిఖీ అధికారి వచ్చారు. పాఠాలు ఆపకుంటే దెబోరా గారికి బదిలీ తప్పదన్న మాట అప్పటికే వ్యాపించింది.

"ఇది ఏ పాఠ్యప్రణాళికలో ఉన్నది?" అని అధికారి అడిగారు.

"ప్రణాళికలో లేదండి. పిల్లల ఒంట్లో ఉన్నది" అన్నారు దెబోరా గారు.

వరండాలో నిలిచిన తల్లులలో నుంచి ఎల్లక్క ముందుకు వచ్చింది. "మా అవ్వ నాకు చెప్పలే, నేను నా బిడ్డకు చెప్పలే. పంతులమ్మ చెప్పింది. గిండ్ల తప్పేమున్నది సారూ?"

అధికారి ఆ గదిని తామే స్వయంగా చూసి, శనివారపు పాఠాలు కొనసాగించవచ్చునని వ్రాసిపోయారు. దుర్గవ్వ ఉన్నత పాఠశాల చదువు ముగించి, నేడు లక్సెట్టిపేటలో ఉపాధ్యాయినిగా ఉన్నది.

1962 నుండి కరీంనగర్ శిక్షణ పాఠశాలలో మనోవిజ్ఞాన అధ్యాపకురాలిగా దెబోరా గారు వందలాది ఉపాధ్యాయులను తీర్చిదిద్దారు. వికాస దశలను కంఠస్థం చేసి అప్పజెప్పిన శిష్యునికి వారు వేసే మార్కులు తక్కువే, "మీ తరగతిలో మాట్లాడటం మానేసిన పిల్ల ఎవరు? ఎందుకు మానేసింది?" అన్న ప్రశ్నకు జవాబు తెచ్చినవానికే మెప్పు దక్కేది. మన శిక్షణ పాఠశాలకు ఇంతటి పేరు వచ్చినదంటే ఆ ప్రశ్న వల్లనే.

వారు ఈ ఏడాది పదవీ విరమణ చేసి హుస్నాబాద్‌లో చెల్లెలు గారి ఇంట ఉండబోతున్నారని తెలిసి, ఇకనైనా విశ్రాంతి తీసుకోండని నేను వేడుకొన్నాను. "విశ్రాంతి ఎక్కడిది? గా ఊర్ల ఆడపిల్లలు లేరా?" అని నవ్వారు. ఆ నవ్వు చెదరకుండా, ఆ అడుగు తడబడకుండా, నిండు ఆరోగ్యంతో శతవర్షాలు జీవించి, ఇంకెందరో బిడ్డలు తలెత్తుకొని ఎదగడాన్ని వారు కన్నులారా చూడాలని మా అందరి ఆకాంక్ష.

సహోపాధ్యాయిని,
కమలవ్వ
కరీంనగర్, 1968