మగదే, ఒట్టు

మద్రాసు చాకలిపేటలో, కాలేజీలో చదివే ఆడబిడ్డ పెరట్లో కూర్చొని, ప్రాక్టికల్స్ కోసం సముద్రపు గుర్రం చేపను కోసింది. పొట్టసంచిలోంచి నూలుపోగుల్లాంటి పిల్లలు పళ్లెంలోకి రాలాయి. ఈ జాతిలో కడుపు మోసేది మగదేనని పాఠంలో విన్నది అప్పుడుగాని గుర్తుకు రాలేదు. నిండు నెలల వదిన గడప దగ్గర నిలబడి ఉంది.

“కోసేసినావా అమ్మణీ?”

“అయిపోయింది. నువ్వు ఈడికి రావద్దు వదినా.”

“నేనేడ వస్తా తల్లీ! అత్తమ్మ చూసిందంటే ఇద్దరికీ కలిపి పూజే. కడుపుతో ఉండేదాన్ని కొయ్యలేదు గదా?”

“కాశిమేడు చేపల రేవులో అడిగి మగదాన్నే తెచ్చినా.”

“బతికించినావు. పోయినసారి నువ్వు గుడ్లుండే చేపను కోసినాకే గదా, నా బిడ్డ దక్కకుండా పోయింది.”

“దానివల్ల కాదు వదినా.”

“ఏమో, నాకు వొణుకు తగ్గలా. అవునూ, మగదానికి అంత పొట్టేంది?”

“సంచి. మంచి సంచి ఉండే మగదాన్నే ఆడది కోరుకుంటాదంట. అట్లా తరతరాలకీ ఆ సంచి పెరుగుతా వచ్చిందంట.”

“సంచిలో ఏం పెట్టుకుంటాది, వక్కాకా?”

ఆడబిడ్డ పళ్లెం మీద పైట కప్పింది.

“ఇట్లా రా. నా కడుపు మీద చెయ్యిపెట్టి చెప్పు, మగదేనా?”

బకెట్లో చేతులు రెండుసార్లు కడుక్కొని వెళ్లింది. అయినా వేళ్లు నీచు వాసనే.

“ఒట్టు వదినా. మగదే.”

“అమ్మయ్య! ఆగు, చెయ్యి తియ్యొద్దు. లోపల ఎట్లా తన్నుతా ఉందో చూడు.”