ఊడ్చిన కందకం

ఎడారి దేశంలో ఇబ్రి ఊరి దగ్గర ఎన్నడో రైతులు కట్టుకున్న కోటలాంటి లోగిలి అది. చుట్టూ కందకం, దాని చుట్టూ సర్కారు కంచె. కంచె పక్కన తలవంచుకుని కూర్చున్న కూలీ దగ్గరికి మేస్త్రీ వచ్చాడు.

"ముండ్లకంప కొట్టమంటే కందకమంత ఎందుకు ఊడ్సినవ్‌రా తమ్మీ?"

"పాతకాలం జాడలు ఎతికే పెద్దసార్లు సూడ వస్తున్నరంటివి గదన్నా. సుట్టాలొస్తుంటే వాకిలి ఊడ్వమా? కుండపెంకులన్ని ఎత్తి కుప్పవోసిన."

"అవి వందల ఏండ్ల నాటి పెంకులంట. ఏది ఏడ పడ్డదో సూస్తెనే అప్పటి ముచ్చట తెలుస్తదంట."

"సార్ తిడితె బాగుండు. తిట్టలే. కుప్ప కాడ మోకాళ్ల మీద కూసొని ఒక్కొక్కటే ఏరుతుండు. నేను గూడ పోయి ఏరనా?"

"నిన్ను పంపనా అని సార్‌ను నేనదే అడిగిన. ఏ పెంకు ఏడ పడుండెనో చెప్తడా అన్నడు."

కూలీ చేతిలోని చీపురు మెల్లగా వీపు వెనక్కి పోయింది.