జడలబర్రెకి బ్రేకు వేసిన సత్యానందం

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు క్రైస్తవ సంఘంలో పాస్టరు గారి ప్రసంగం మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. సత్యానందం గారి ప్రసంగం మాత్రం కింద బేస్‌మెంట్‌లో బిర్యానీ ట్రేల మీద రేకు తీశాకే మొదలవుతుంది. ఆయన కార్ల బ్రేకులు చేసే కంపెనీలో ఇంజినీరు. కంపెనీ పని మీద చైనా వెళ్లి, పనిలో పనిగా టిబెట్ కూడా చూసొచ్చారు. వచ్చి రెండేళ్లయింది గానీ, ఆ ప్రయాణం ప్రతి ఆదివారం ఇంకాస్త ముందుకి సాగుతూనే ఉంది.

ఈ ఆదివారం మాత్రం ఆయనకి సరదా కాదు, అవసరం. కూతురు పర్సిస్ వన్యప్రాణుల మీద మాస్టర్స్ చేస్తోంది. వేసవిలో టిబెట్ వెళ్లి అడవి జడలబర్రెల్ని, అదే యాక్‌లని, లెక్కపెట్టే బృందంలో చోటొచ్చింది. రేపటిలోగా జవాబివ్వాలి, డాడీ సరే అంటేనే వెళ్తానంది. వద్దని మొహం మీద చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. గట్టిగా భయపెడితే పిల్లే మానుకుంటుందని ఆయన ఎత్తు.

"జడలబర్రె అంటే ఏదో బర్రె అనుకునేరు! మన గేదె దాని పక్కన దూడ. జుట్టు నేలని ఊడుస్తూ ఉంటుంది. నేనేదో హోటల్ వెనక అలా వాకింగ్‌కి వెళ్లానా, ఎదురుగా నిలబడి ఉంది, మినీవాన్ అంత మగది!"

"మినీవాన్ కరెక్టే, డాడీ," అంది పర్సిస్. "బట్ అవి ఊరి దగ్గరికి రావు. మనుషుల స్మెల్ వస్తేనే పారిపోతాయి."

మొదటి ముక్క కరెక్టని ఒప్పుకున్నాక ఆయన రెండో ముక్క వింటారా?

"పారిపోయేది వేరే, ఇది వేరే. తోక నిటారుగా లేపి నా మీదకి వచ్చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పరిగెత్తారా?" అన్నాడు షాలోమ్. అతను కొత్తగా ఆ సంఘానికి వస్తున్నాడు, ఈ కథ వినడం ఇదే మొదలు.

"పరిగెత్తడమా! ఇన్నేళ్లుగా బ్రేకులు చేస్తున్నానయ్యా, ఏది ఎక్కడ ఆగుతుందో నాకు తెలీదూ? రెండు కొమ్ములూ పట్టుకుని ఎడమకాలు నేలకి తన్నిపట్టాను. నా బూటు మైళ్ల కొద్దీ గీసుకుంటూ పోయింది. ఆ గీత మీద ఇప్పుడు తారురోడ్డు వేసుకున్నారు వాళ్లు. ఆగాక చూద్దును కదా, దానికి ఒళ్లంతా ఒకటే చెమటలు!"

"డాడీ, వాటికి చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటికి పోకుండా బాడీ అలా ఉంటుంది."

"నన్ను చూశాక పట్టిందమ్మా. అదే దానికి మొదటిసారి."

బేస్‌మెంట్ గొల్లుమంది. ఇక ఆయనకి పగ్గాల్లేవు. దాని మీదెక్కి గాలి ఆడని కొండల పైకి స్వారీ చేశారు. అంతంత ఊపిరితిత్తులున్న జంతువుకి కూడా ఆయాసం వస్తే, జాలిపడి దిగి, దాన్నే భుజాన వేసుకుని నడిచారు.

"అక్కడ దాని బాధ చెప్పుకుంది. పెంపుడు జడలబర్రెల మందల్లో కలిసిపోయి వాటి జాతి పలచబడిపోతోందట."

"దట్ ఈజ్ ట్రూ, డాడీ!" పర్సిస్ కుర్చీ ముందుకి జరుపుకుంది. "అదే పెద్ద ప్రాబ్లెమ్."

"చూశారా! అందుకే నేనే దగ్గర కూర్చుని అడవి సంబంధాలు కుదిర్చాను. దానికి బంగారు రంగు జుట్టున్న పెళ్లికూతుర్ని వెతికాను. అవి లోకంలో ఎన్నో లేవు. మన పాస్టరు గారు లేని లోటు తప్ప పెళ్లి ఘనంగా జరిగింది."

భార్య దెబోరా ఆయన మోచేతిని గిల్లింది. "భయపెడతానని చెప్పి పెళ్లి భోజనానికి పిలుస్తారేంటండీ? దాని కళ్లు చూడండి."

చూశారు. పిల్ల కళ్లు మెరిసిపోతున్నాయి. ఎత్తు బెడిసిందని సత్యానందం గారికి తెలిసొచ్చింది.

"అయితే," అన్నారు గొంతు మార్చి, "అది నాకు చెల్లింది. నా గుండె వేరు. ఆడపిల్లలు ఆ గాలిలో తట్టుకోలేరు."

అంతవరకూ మూల కుర్చీలో కళ్లు మూసుకుని వింటున్న సువార్తమ్మ గారు రెండు చేతులూ పైకెత్తారు. రోజూ పొద్దున్నే ఫోన్‌లో సంఘం అంతటినీ కలిపి ప్రార్థన నడిపేది ఆవిడే. ఎవరు ఏ రిక్వెస్టు పెట్టినా, ఎన్నాళ్లయినా మర్చిపోరు.

"స్తోత్రం ప్రభువా! నీ కార్యాలు ఎంత గొప్పవి! బాబూ సత్యానందం, నువ్వు టిబెట్‌లో ఉన్న వారమంతా నీ కోసమే కదా మొరపెట్టాం. దెబోరా ఏడుస్తూ చెప్పింది. విమానం దిగిన దగ్గర్నుంచి మంచం దిగలేదు, ఊపిరాడటం లేదు, కనీసం బాత్రూమ్ దాకా నడిచే బలం ఇమ్మని అడగండి అంది. మేం బాత్రూమ్ దాకానే అడిగాం నాయనా. ప్రభువు నిన్ను బర్రెనే ఎక్కించాడు!"

ఆవిడ గొంతులో వెటకారం లేదు, నిజంగానే పొంగిపోతున్నారు. "ఆమెన్," అన్నారు పాస్టరు గారు, అలవాటు కొద్దీ. ఆ తర్వాత బేస్‌మెంట్‌లో ఒక్కరికీ నవ్వు ఆగలేదు.

"నీకు ఆక్సిజన్ మోసుకొచ్చి, పక్కన కూర్చుని గంజి తాగించిందే, మన పర్సిస్ ఈడు పిల్ల. ఆ హోటల్ అమ్మాయి కోసం కూడా ప్రార్థించాం. ఏం పేరమ్మా దెబోరా?"

"డోల్మా," అన్నారు సత్యానందం గారు, తల ఎత్తకుండా.

పర్సిస్ నవ్వలేదు. లేచొచ్చి ఆయన పక్కన కూర్చుంది. "భయపడ్డావా డాడీ?"

"చచ్చిపోతాననుకున్నానమ్మా," అన్నారాయన. అన్ని ఆదివారాల్లో ఆయన నోట వచ్చిన మొదటి చిన్న మాట అదే.

"నువ్వు ఫ్లైట్‌లో ఒక్కసారిగా అంత ఎత్తుకి వెళ్లావు. మేము మెల్లగా, ఆగి ఆగి ఎక్కుతాం. బాడీకి అలవాటవుతుంది."

ఆయన బిర్యానీ ప్లేటు పక్కన పెట్టి, "సువార్తమ్మ గారూ, రేపు పొద్దున ప్రార్థనలో మా పర్సిస్ ప్రయాణం కూడా పెట్టండి," అన్నారు.

ఆవిడ ఎప్పటిలాగే వివరం కోసం ముందుకి వంగారు. "తప్పకుండా బాబూ. ఎందాకా అడగమంటావు? బాత్రూమ్ దాకానా, బర్రె దాకానా?"

ఈసారి సత్యానందం గారు కూడా నవ్వారు, కళ్లు తుడుచుకుంటూ.

"బర్రె దాకా అడగండమ్మా. మళ్లీ ఇంటి దాకా కూడా."