రెండు కుండల పొగాకు

మంగళవాడలో అంగడి పెట్టుకున్న రామాంజినప్ప దగ్గర దాచి ఉన్నవి రెండు కుండలు. వాటిలో, బెల్లంనీళ్లు చల్లి, మూతికి మట్టి మెత్తి, సరుకులకు కరువు తెచ్చిన ఆ పెద్ద యుద్ధం మొదలైనప్పటి నుంచి మాగబెట్టిన పొగాకు, చిలుము గొట్టంలో కూరి తాగేది. నాయన సమాధికి పాలు పోసే రోజున, ఆయనకు ఇష్టమైనది పెట్టాలని ఒక కుండ తెరిచి, పక్కనున్న అక్కకు చూపించాడు.

“వాసన చూడక్కా. ఎంత బాగా మాగిండాదో!”

“ఇప్పుడు మాగితే ఎవరికప్పా? నాయన ఉన్నన్నాళ్లూ అంగట్లో రాలిన పొడే తాగినాడు.”

“ఒక్క మాట అడిగింటే తీసిచ్చేవాణ్ణి కదా!”

“అడుగు నాయనా అంటే వద్దన్నాడు. ‘సరుకు దొరకని కాలం, పిల్లోడు అమ్ముకోవల్ల’ అన్నాడు.”

“అమ్మేదానికి యాడ దాచినానక్కా? నాయన కోసమే కదా!”

“ఆ మాట ఆయనతో ఎప్పుడన్నా చెప్పినావా?”

రామాంజినప్ప చిలుము నిండా పొగాకు కూరి సమాధి మీద పెట్టాడు. అన్నేళ్లు దాచినదాంట్లో నాయనకు దక్కింది ఆ ఒక్క చిలుము. తక్కినదంతా కొడుక్కే మిగిలింది.